పాఠం 17: ఆన్‌లైన్ పాత్రధారణ ఆటలకు ఇన్‌పుట్ సాధనాల ఎంపిక

17.1 పరిచయం

మనం చెప్పదలచుకొన్నది కంప్యూటరుకు చేరవేసే సాధనాలను ఇన్‌పుట్ సాధనాలు అంటారని గత పాఠంలో తెలుసుకొన్నారు. కీబోర్డు, మౌసు, మైకు, గేమ్‌ప్యాడ్, టచ్ స్క్రీన్ అన్నీ ఈ కోవలోకే వస్తాయి. ఈ పాఠంలో వాటిని కొనేటప్పుడు, వాడేటప్పుడు గమనించవలసిన విషయాలను ఆన్‌లైన్ పాత్రధారణ ఆటలను ఆధారంగా చేసుకొని చర్చించుకొందాం.

మీకు ఒక సందేహం రావచ్చు. మానేసిన చదువు మళ్లీ చదువుకొందామని చేరితే ఆటల మీద పాఠం ఏమిటని. కారణం ఉంది. ఉత్తరం టైపు చేసేటప్పుడు ఒక్కో మీట ఒక్కోసారి నొక్కుతాం. ఆటలో అలా కాదు. ఎడమ చేతి మూడు వేళ్లు మూడు మీటల మీద, కుడి చెయ్యి మౌసు మీద, చెవికి హెడ్‌సెట్, ఇవన్నీ ఒకేసారి, గంటల తరబడి పనిచేయాలి. సాధనంలో ఉన్న లోపం ఆటలో బయటపడినంత త్వరగా మరెక్కడా బయటపడదు. ఆటకు నిలిచిన కీబోర్డు టైపు పరీక్షకూ నిలుస్తుంది.

ఈ పాఠం చదివిన తరువాత మీరు మీ ఆటకు, మీ చేతికి, మీ ఇంటికి తగిన సాధనం ఏదో నిర్ణయించుకోగలుగుతారు. అట్టపెట్టె మీద అచ్చువేసిన అంకెల్లో పనికివచ్చేవేవో, రానివేవో చెప్పగలుగుతారు. చేతికి హాని కలగకుండా వాడే పద్ధతిని వివరించగలుగుతారు.

17.2 మనం తీసుకొనే ఉదాహరణ

ఛత్తీస్‌గఢ్‌లోని భిలాయి పట్టణం మీకు తెలిసే ఉంటుంది. 1955లో సోవియట్ యూనియన్‌తో కుదిరిన ఒప్పందం ప్రకారం అక్కడ ఉక్కు కర్మాగారం నిర్మించారు. 1959 ఫిబ్రవరి 4న మొదటి బ్లాస్ట్ ఫర్నేసును రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ ప్రారంభించారు. ఆ కర్మాగారంలో పనికోసం శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల నుంచి వెళ్లి స్థిరపడిన తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ, బడిలో హిందీ లేక ఇంగ్లీషు. ఈ మూడు భాషల సంగతి మన పాఠానికి కూడా పనికివస్తుంది, కొంచెం ఆగి చూద్దాం.

మీరు ఆ టౌన్‌షిప్‌లోని రుఆబాంధా సెక్టారులో ఉంటున్నారనుకొందాం. రెండు గదుల క్వార్టరు. ముందు గదిలో ఎవరో వాడి అమ్మిన కంప్యూటరు. దాని మీద మీరు ఓపెన్ స్కూలు పాఠాలు చదువుకొంటారు. మీ తమ్ముడు ఉద్యోగాల దరఖాస్తులు నింపుతాడు. రాత్రి భోజనాలయ్యాక ఇద్దరూ వంతులవారీగా ఆట ఆడతారు. వెనుక గదిలో ఇంటి పెద్దాయన, ఒక వారం రాత్రి షిఫ్టు, ఒక వారం పగటి షిఫ్టు. పగలు నిద్రపోయే మనిషి ఉన్న ఇల్లు అది. కొనుగోలుకు మీ చేతిలో ఉన్నది 2,000 రూపాయలు. అది పోతే ఈ నెలలో మళ్లీ రాదు.

ఇంత వివరంగా చెప్పడానికి కారణం, సాధనం ఎంపిక ఆటను బట్టి మాత్రమే జరగదు, ఇంటిని బట్టి కూడా జరుగుతుంది.

17.3 పాత్రధారణ ఆట చేతులను ఏమి అడుగుతుంది?

పాత్రధారణ ఆటలో మీరు ఒక పాత్రను ఎన్నుకొంటారు. యోధుడు, వైద్యుడు, మాంత్రికుడు, ఇలా. ఆ పాత్ర పేరుతో వేలమంది ఉన్న ఒక ఊహాప్రపంచంలో తిరుగుతారు. మన పల్లెల్లో వీధి భాగవతం చూసినవారికి ఈ సంగతి వెంటనే అర్థమవుతుంది. వేషం కట్టినంతసేపు ఆ మనిషిని వేషం పేరుతోనే పిలుస్తారు. తేడా ఏమిటంటే ఇక్కడ వేషగాళ్లు ఒకరినొకరు చూడకుండా వేరువేరు ఊళ్లలో కూర్చొని ఉంటారు.

1997లో వచ్చిన అల్టిమా ఆన్‌లైన్, 1999లో వచ్చిన ఎవర్‌క్వెస్ట్ ఈ రకం ఆటలకు పేరు తెచ్చాయి. 2001లో ఇంగ్లండులో రూన్‌స్కేప్, 2002లో కొరియాలో రాగ్నరాక్ ఆన్‌లైన్, 2004లో అమెరికాలో వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ వచ్చాయి. అన్నీ ఒకే జాతికి చెందినవే అయినా చేతులకు పెట్టే పని ఒకటి కాదు. రూన్‌స్కేప్‌లో నేల మీద మౌసుతో నొక్కితే పాత్ర అక్కడికి నడిచి వెళుతుంది. దాని పాత పద్ధతి ఆటలో సర్వరు 0.6 సెకనుకు ఒకసారి మాత్రమే లెక్క చూసుకొంటుంది. మీరు ఆ మధ్యలో ఎంత తొందరపడినా ఫలితం లేదు. రాగ్నరాక్‌లో కూడా నడక మౌసుదే, కీబోర్డు పైవరుసలోని ఎఫ్ మీటలతో విద్యలు ప్రయోగిస్తారు.

వార్‌క్రాఫ్ట్ వంటి ఆటల్లో పని ఎక్కువ. డబ్ల్యు, ఎ, ఎస్, డి అనే నాలుగు మీటలతో నడక, మౌసుతో చూపు తిప్పడం, తెర అడుగున 12 గడుల పట్టీ. ఆ గడుల్లోని విద్యలకు 1 నుంచి మొదలై పైవరుసలోని మీటలు కేటాయించి ఉంటాయి. షిఫ్టు, కంట్రోలు మీటలతో కలిపితే ఆ పన్నెండే ఇరవైనాలుగు, ముప్పైఆరు అవుతాయి. అయితే ఒక విద్య ప్రయోగించాక రెండవదానికి సాధారణంగా ఒకటిన్నర సెకను వరకు ఆగాలి. ఈ అంకెను గుర్తుపెట్టుకోండి, 17.6లో దీనితో పని ఉంది.

ఇక కొత్త రకం ఆటలు కొన్ని ఉన్నాయి. 2014లో కొరియాలో మొదలైన బ్లాక్ డెజర్ట్ వంటివాటిలో శత్రువును ఎంచుకొని మీట నొక్కితే చాలదు, స్వయంగా గురిచూసి కొట్టాలి. వీటిలో మౌసు నాణ్యత కొంత లెక్కలోకి వస్తుంది. కాబట్టి మొదటి సూత్రం: ఏ ఆట ఆడతారో తేల్చుకోకుండా ఏ సాధనమూ కొనకూడదు.

పాఠ్యగత ప్రశ్న 1: మౌసుతో నొక్కి నడిపించే ఆట మాత్రమే ఆడే వ్యక్తికి ఖరీదైన కీబోర్డు అవసరమా? ఒక వాక్యంలో రాయండి.

17.4 కీబోర్డు

ఇంగ్లీషు మీటల వరుస క్వర్టీ 1870లలో టైపు మిషన్లతో వచ్చింది. 1874లో రెమింగ్టన్ కంపెనీ అమ్మిన మిషన్ల నుంచి నేటివరకు పెద్దగా మారలేదు. ఆటగాళ్లు ఎడమ చేతిని ఈ వరుస మీదే ఉంచుతారు.

కీబోర్డులు ముఖ్యంగా రెండు రకాలు. మొదటిది మెంబ్రేన్. మీటల కింద రబ్బరు బుడిపెలు, వాటి కింద ప్లాస్టిక్ పొరల మీద గీసిన విద్యుత్ మార్గాలు ఉంటాయి. చవక, చప్పుడు తక్కువ. రెండవది మెకానికల్. ప్రతి మీటకూ విడిగా ఒక స్ప్రింగు స్విచ్చి ఉంటుంది. ఎక్కువ కాలం మన్నుతుంది, ధర ఎక్కువ. మెకానికల్‌లో నీలం స్విచ్చి అని అమ్మేవి నొక్కినప్పుడల్లా టక్కుమని చప్పుడు చేస్తాయి. దుకాణంలో ఆ చప్పుడు ముచ్చటగా ఉంటుంది. రాత్రి షిఫ్టు చేసి వచ్చి వెనుక గదిలో పడుకొన్న మనిషికి అదే చప్పుడు ఎలా వినిపిస్తుందో ఆలోచించండి. మన ఉదాహరణలోని ఇంటికి ఆ రకం పనికిరాదు. డబ్బున్నా పనికిరాదు.

ఇప్పుడు చవక కీబోర్డులో ఉండే అసలు లోపం చూద్దాం. చాలామంది ఇది తెలియక, ఆటలో ఓడిపోయినప్పుడల్లా తమ వేళ్లనే తిట్టుకొంటారు.

రుఆబాంధాలో ఒక ఇంటి చిరునామా ఎలా ఉంటుంది? వీధి నంబరు, క్వార్టరు నంబరు. ఈ రెండూ తెలిస్తే పోస్టుమాన్ తిన్నగా వచ్చేస్తాడు. కీబోర్డు కూడా నొక్కిన మీటను ఇలాగే గుర్తుపడుతుంది. లోపల అడ్డంగా కొన్ని తీగలు, నిలువుగా కొన్ని తీగలు ఉంటాయి. వందకు పైగా మీటలకు విడివిడిగా తీగలు వేస్తే ఖర్చు పెరుగుతుంది కాబట్టి ఈ ఏర్పాటు. మీట నొక్కితే ఒక అడ్డతీగ, ఒక నిలువుతీగ కలుస్తాయి. ఏ రెండు కలిశాయో చూసి కీబోర్డులోని చిన్న చిప్పు ఆ మీట పేరును కంప్యూటరుకు పంపుతుంది.

ఒక మీట, రెండు మీటలు అయితే చిక్కు లేదు. మూడు నొక్కినప్పుడు చూడండి. ఒకటో వీధి ఒకటో ఇల్లు, ఒకటో వీధి రెండో ఇల్లు, రెండో వీధి ఒకటో ఇల్లు, ఈ మూడింటి తలుపులూ తెరిచారనుకోండి. విద్యుత్తు ఈ మూడు మార్గాల గుండా తిరిగి రెండో వీధి రెండో ఇంటికి కూడా చేరిపోతుంది. ఆ నాలుగో తలుపు నిజంగా తెరిచారో లేదో చిప్పుకు తెలియదు. నొక్కని మీటను నొక్కినట్లు చూపితే దాన్ని దయ్యపు మీట అనవచ్చు. ఆ తప్పు జరగకుండా చవక కీబోర్డులు చేసే పని ఏమిటంటే, అనుమానం వచ్చిన మీటను అసలు లెక్కలోకే తీసుకోవు. ముందుకు పరుగెడుతూ, పక్కకు తిరుగుతూ, మూడో మీటతో వైద్యం చేయబోతారు. వైద్యం జరగదు. మీ జట్టులోని మనిషి చనిపోతాడు. మీరు నొక్కారు, కీబోర్డు చెప్పలేదు.

మంచి కీబోర్డులో ప్రతి మీట దగ్గరా డయోడు అనే చిన్న భాగం పెడతారు. అది విద్యుత్తును ఒకే దిక్కుకు పోనిస్తుంది, వన్‌వే రోడ్డు లాగా. అప్పుడు ఎన్ని మీటలు నొక్కినా తికమక ఉండదు. పెట్టె మీద ఎన్-కీ రోల్‌ఓవర్ అని ఉంటే అర్థం ఇదే. ఆటకు అంత అవసరం లేదు, ఎడమ చేతికి ఉన్నవి ఐదు వేళ్లే కదా. డబ్ల్యు, ఎ, ఎస్, డి చుట్టుపక్కల మీటలు కలిసి పనిచేస్తే చాలు.

కృత్యం 1: దుకాణంలోనే చేయదగిన పరీక్ష ఇది. కీబోర్డును కంప్యూటరుకు తగిలించి నోట్‌ప్యాడ్ తెరవండి. ఎడమ, కుడి షిఫ్టు మీటలు రెండూ నొక్కి పట్టుకొని ఇంగ్లీషు అక్షరాలు ఎ నుంచి జెడ్ వరకు వరుసగా టైపు చేయమని పక్కవారికి చెప్పండి. కొన్ని అక్షరాలు పడకపోవచ్చు. ఏవి పడలేదో రాసుకోండి. తరువాత డబ్ల్యు, డి నొక్కి పట్టుకొని స్పేసు బారు, 1, 2, 3, క్యు, ఇ, ఆర్ మీటలను ఒక్కొక్కటిగా నొక్కి చూడండి. రెండవ పరీక్షలో నెగ్గితే ఆ కీబోర్డు ఆటకు సరిపోతుంది, ధర ఎంత తక్కువైనా సరే.

షిఫ్టు మీటను వరుసగా ఐదుసార్లు నొక్కితే విండోస్‌లో స్టిక్కీ కీస్ అనే ప్రశ్న తెర మీదకు వస్తుంది. ఆట మధ్యలో ఇది పెద్ద చికాకు, సెట్టింగులలో దాన్ని ఆపవచ్చు. కాని అది ఆటగాళ్లను విసిగించడానికి పెట్టినది కాదు. రెండు మీటలు ఒకేసారి నొక్కలేనివారికి, షిఫ్టును ముందు నొక్కి వదిలి తరువాత రెండోది నొక్కే వీలు కల్పించడానికి పెట్టినది.

పాత కంప్యూటరు కొన్నవారు వెనుకవైపు గుండ్రని రెండు రంధ్రాలున్నాయేమో చూడండి. ఊదారంగుది కీబోర్డుకు, ఆకుపచ్చది మౌసుకు. అవి పనిచేస్తుంటే పాత కీబోర్డును పారేయనక్కరలేదు.

17.5 మీటల మీద తెలుగు

ఆటలో తోటివారితో మాట్లాడాలి. కొన్ని ఆటల చాట్ పెట్టెలో తెలుగు లిపి సరిగా కనిపించదు కాబట్టి మనవాళ్లు ఇంగ్లీషు అక్షరాలలో తెలుగు రాస్తుంటారు. అందులో తప్పేమీ లేదు. అయితే అదే కీబోర్డు మీద తెలుగులో పరీక్ష జవాబులు రాయవలసి వచ్చినప్పుడు ఇన్‌స్క్రిప్ట్ అనే అమరిక నేర్చుకోవడం మేలు. 1991లో భారతీయ ప్రమాణాల సంస్థ ఐ.ఎస్. 13194 ప్రమాణంలో దీన్ని చేర్చింది.

భిలాయివంటి చోట పెరిగినవారికి ఇందులో ఒక లాభం ఉంది. ఇన్‌స్క్రిప్ట్‌లో భారతీయ భాషలన్నింటికీ మీటల స్థానాలు ఇంచుమించు ఒకటే. హిందీ ‘క’ ఏ మీట మీద ఉంటుందో తెలుగు ‘క’ కూడా అదే మీట మీద ఉంటుంది, ఇంగ్లీషు కె మీట మీద. ‘ర’కు జె, ‘మ’కు సి. హిందీ బడిలో చదివి హిందీ టైపు ఇన్‌స్క్రిప్ట్‌లో నేర్చుకొన్న మనిషి తెలుగు టైపు సగం నేర్చుకొన్నట్లే. ఎ, ఏ, ఒ, ఓ ల వంటి తేడాలు మాత్రం విడిగా అలవాటు చేసుకోవాలి, హిందీలో హ్రస్వ ఎ, ఒ లు లేవు కాబట్టి. ఆట కోసం వేళ్లకు వచ్చిన వేగం ఇక్కడ వృథా పోదు.

మైకు కూడా ఇన్‌పుట్ సాధనమేనని మరవకండి. ఐదుగురు కలిసి గుహలో పోరాడేటప్పుడు టైపు చేయడానికి ఆగిన మనిషి జట్టును ముంచుతాడు. మైకు ఉన్న మామూలు ఇయర్‌ఫోన్లు చాలు. మీట నొక్కినప్పుడే మాట వెళ్లేలా సెట్ చేసుకొంటే ఇంట్లో కుక్కరు కూతలు అవతలివారికి వినిపించవు.

17.6 మౌసు, దాని పెట్టె మీది అంకెలు

డగ్లస్ ఎంగెల్‌బార్ట్ అనే అమెరికన్ శాస్త్రవేత్త ఆలోచన నుంచి మౌసు పుట్టింది. మొదటి నమూనాను 1964లో బిల్ ఇంగ్లిష్ అనే సహచరుడు చెక్కతో తయారుచేశాడు. 1968 డిసెంబరు 9న శాన్ ఫ్రాన్సిస్కోలో దాన్ని ప్రజల ముందు ప్రదర్శించారు. ఇప్పటి మౌసులలో బంతి లేదు. అడుగున వెలుగు, చిన్న కెమెరా వంటి సెన్సరు ఉంటాయి.

పెట్టె మీద మొదట కనిపించేది డి.పి.ఐ. మౌసును ఒక అంగుళం జరిపితే సెన్సరు ఎన్ని మెట్లు లెక్కపెడుతుందో ఆ అంకె చెబుతుంది. మీ తెర అడ్డంగా 1,920 చుక్కలు ఉందనుకొందాం. 800 డి.పి.ఐ. మౌసుతో ఆ చివర నుంచి ఈ చివరకు బాణం గుర్తు పోవాలంటే 1,920ని 800తో భాగించగా 2.4 అంగుళాలు జరపాలి. 1,600 అయితే 1.2 అంగుళాలు. మరి 16,000 అని గొప్పగా రాసి ఉంటే? 0.12 అంగుళం, అనగా మూడు మిల్లీమీటర్లు. వేలు వణికితే బాణం తెర దాటుతుంది. ఆ అంకెను తగ్గించుకొనే వాడతారు. తగ్గించుకొని వాడవలసిన అంకెకు డబ్బు పెట్టడం ఎందుకు?

రెండవది పోలింగ్ రేటు. మామూలు మౌసు సెకనుకు 125 సార్లు, అంటే 8 మిల్లీసెకన్లకు ఒకసారి కంప్యూటరుకు కబురు పంపుతుంది. ఆటల మౌసు 1,000 సార్లు పంపుతుంది. లాభం ఎక్కువలో ఎక్కువ 7 మిల్లీసెకన్లు. ఇది పెద్దదా, చిన్నదా?

లెక్క వేద్దాం. గాజు తీగలో వెలుగు మిల్లీసెకనుకు సుమారు 200 కిలోమీటర్లు పోతుంది. భిలాయి నుంచి ముంబయి రైలుదారిన 1,100 కిలోమీటర్లు. ఆట సర్వరు ముంబయిలో ఉంటే పోవడానికి ఐదున్నర, రావడానికి ఐదున్నర, మొత్తం 11 మిల్లీసెకన్లు. సర్వరు సింగపూరులో ఉంటే తిన్నగా గీత గీసినా 3,000 కిలోమీటర్లు దాటుతుంది, రానుపోను 30 మిల్లీసెకన్లకు పైమాటే. కేబుళ్లు తిన్నగా పోవు, దారిలో ఎన్నో మజిలీలు. అందుచేత ఆట తెర మీద కనిపించే అంకె దీనికి రెండింతలు, మూడింతలు ఉండటం మామూలే. కంటికి కనిపించింది చేతికి అందడానికి మనిషికే 200 మిల్లీసెకన్లు పైగా పడుతుంది. ఇక 17.3లో చెప్పిన ఒకటిన్నర సెకను అంటే 1,500 మిల్లీసెకన్లు. ఇన్నింటి మధ్య 7 ఏ మూలకు?

ఆ తేడా డబ్బుతో రూటరు నుంచి కంప్యూటరుకు ఒక లాన్ తీగ కొనండి. పక్క గది వైఫై గోడ దాటి వచ్చేటప్పుడు ఒక్కోసారి పదులు, వందల మిల్లీసెకన్లు తడబడుతుంది. తీగకు ఆ తడబాటు ఉండదు.

మౌసులో చూడవలసింది పరిమాణం. మణికట్టు మడత నుంచి మధ్యవేలి కొన వరకు స్కేలుతో కొలవండి. సుమారు 17 సెంటీమీటర్లకు తక్కువైతే చిన్న మౌసు, 19 దాటితే పెద్ద మౌసు. అరచెయ్యి మొత్తం ఆన్చి పట్టేవారికి వీపు ఎత్తుగా ఉన్నది హాయి, వేళ్ల కొనలతో పట్టేవారికి చదునైనది. ఎడమచేతి వాటం వారు రెండువైపులా ఒకే ఆకారం ఉన్నదాన్ని అడగండి. కుడిచేతికి మలచిన మౌసును ఎడమ చేత్తో వాడుతూ సర్దుకుపోవద్దు.

2009లో రేజర్ కంపెనీ నాగా అనే పేరుతో బొటనవేలి దగ్గర 12 బొత్తాలున్న మౌసు తెచ్చింది. పాత్రధారణ ఆటల పట్టీలోని 12 గడులకు సరిగ్గా సరిపోతాయి. కొందరు దీనికి అలవాటుపడితే మరొకటి పట్టుకోరు. కాని బొటనవేలు మౌసును పట్టుకోవాలా, బొత్తాలు నొక్కాలా? రెండు పనులూ ఒకే వేలు మీద పడతాయి. మొదటిసారి కొనేవారికి పక్కన రెండు బొత్తాలున్న మౌసు చాలు.

ల్యాప్‌టాప్ టచ్‌ప్యాడ్‌తో ఈ ఆటలు ఆడబోవడం దండగ శ్రమ. చాలా ల్యాప్‌టాప్‌లు మీట నొక్కినంతసేపు టచ్‌ప్యాడ్‌ను పనిచేయనివ్వవు, టైపు చేసేటప్పుడు అరచెయ్యి తగిలి తప్పులు రాకుండా. ఆటలో నడుస్తూనే చూపు తిప్పాలి కాబట్టి ఆ మంచి ఏర్పాటే అడ్డు తగులుతుంది.

పాఠ్యగత ప్రశ్న 2: మీ తెర అడ్డంగా 1,366 చుక్కలు. మౌసు 800 డి.పి.ఐ. తెర దాటడానికి మౌసును సుమారు ఎన్ని అంగుళాలు జరపాలి?

పాఠ్యగత ప్రశ్న 3: పోలింగ్ రేటు సెకనుకు 500 సార్లయితే ఎన్ని మిల్లీసెకన్లకు ఒకసారి కబురు వెళుతుంది?

17.7 గేమ్‌ప్యాడ్, ఇతర సాధనాలు

గేమ్‌ప్యాడ్‌ను రెండు చేతులతో పట్టుకొని వెనక్కి ఆనుకొని ఆడవచ్చు. దాని కర్రను కొంచెం తోస్తే నడక, ఎక్కువ తోస్తే పరుగు. కీబోర్డు మీటకు ఈ తేడా తెలియదు. లోటు ఏమిటంటే బొత్తాలు తక్కువ. ఫైనల్ ఫాంటసీ 14 ఆటను 2013లో తిరిగి నిర్మించినప్పుడు దీనికి ఒక ఉపాయం చేశారు. వెనుకనున్న ఎడమ మీటను పట్టుకొంటే ముందున్న ఎనిమిది బొత్తాలకు ఒక అర్థం, కుడి మీటను పట్టుకొంటే వాటికే మరో అర్థం, మొత్తం పదహారు. మీరు ఆడేది ఇలా గేమ్‌ప్యాడ్ కోసం దిద్దిన ఆట అయితే కొనవచ్చు. లేకపోతే ప్రతి బొత్తానికీ మీరే అర్థాలు అంటగట్టుకోవాలి, మాట్లాడటానికి ఎలాగూ పక్కన కీబోర్డు ఉండాలి.

విమానాల ఆటలకు వాడే జాయ్‌స్టిక్ ఇక్కడ అవసరం లేదు. ఫోను తెర మీద ఆడేవారికి సొంత బొటనవేళ్లే తెరలో కొంత భాగాన్ని కప్పేస్తాయి, అది ఆ సాధనం స్వభావం.

పనిలో వేలు పోగొట్టుకొన్నవారు, పక్షవాతం వచ్చినవారు ఆటకు, కంప్యూటరుకు తాము దూరమని అనుకోనవసరం లేదు. 2018లో మైక్రోసాఫ్ట్ ఎక్స్‌బాక్స్ అడాప్టివ్ కంట్రోలర్ తెచ్చింది. దానిపై రెండు పెద్ద గుండ్రని బొత్తాలు, వెనుక వరుసగా తీగలు గుచ్చే రంధ్రాలు ఉంటాయి. కాలితో, మోచేతితో, గడ్డంతో నొక్కే స్విచ్చిలను వాటికి తగిలించుకోవచ్చు. ధర ఎక్కువే. డబ్బు లేనప్పుడు కూడా మీటల స్థానాలను ఆట సెట్టింగులలో మార్చుకోవడం ఉచితం. ఎడమ చేతికి రెండు వేళ్లే పనిచేస్తే ఆ రెండు వేళ్లకు అందే చోటికి విద్యలను తెచ్చుకోండి.

ఒక హెచ్చరిక. ఒక్క నొక్కుతో పది పనులు చేసే, నిద్రపోతున్నా ఆడేసే సాఫ్ట్‌వేరు కలిపి అమ్మే మౌసులు ఉంటాయి. చాలా ఆటల నిబంధనలు దీన్ని ఒప్పవు. ఒకే నొక్కును అనేక పాత్రలకు పంపే సాఫ్ట్‌వేరును వార్‌క్రాఫ్ట్ సంస్థ 2020 నవంబరులో నిషేధించింది. పట్టుబడితే ఏళ్ల తరబడి పెంచుకొన్న పాత్ర ఒక్క రోజులో పోతుంది.

17.8 చెయ్యి

ఈ భాగాన్ని తొందరపడకుండా చదవండి. కీబోర్డు పాడైతే మరొకటి కొనుక్కోవచ్చు.

అరచేతివైపు మణికట్టు దగ్గర ఎముకలకు, ఒక గట్టి పట్టీకి మధ్య ఇరుకైన దారి ఉంటుంది. వేళ్లను వంచే నరాల తాళ్లు, వాటితోపాటు స్పర్శ తెలిపే ఒక నాడి ఆ దారిలోంచే పోతాయి. మణికట్టును పైకి విరిచి గంటల తరబడి ఉంచితే దారి మరింత ఇరుకై నాడి నొక్కుకొంటుంది. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు తిమ్మిరెక్కడం, రాత్రి నిద్రలో లేచి చెయ్యి విదిలించుకోవడం దాని గుర్తులు. చిటికెనవేలు, ఉంగరపువేలు తిమ్మిరెక్కితే అది మోచేతి వైపునుంచి వచ్చే వేరే నాడి సంగతి, మోచెయ్యి బల్ల అంచుకు ఆనుతోందేమో చూసుకోండి.

గ్రైండింగు మిషను, డ్రిల్లు వంటివి పట్టి పనిచేసేవారికి ఈ ప్రమాదం మరింత ఎక్కువ. ఆ మిషన్ల అదురు పగలంతా చేతి నాడులకు తగులుతూనే ఉంటుంది. అదే చేత్తో రాత్రి మూడు గంటలు మౌసు నొక్కితే దానికి విశ్రాంతి ఎప్పుడు? కుటుంబానికి తిండిపెట్టే చెయ్యి అది. అటువంటి పని చేసేవారు ఆటను గంటకు మించనివ్వకండి. మధ్యలో ఇరవై నిమిషాలకొకసారి మీటల మీద నుంచి చేతులు తీయండి. తిమ్మిరి వారం దాటి ఉంటే, పట్టు సడలుతుంటే డాక్టరుకు చూపించండి, మౌసు మార్చి ఊరుకోవద్దు.

కూర్చొనే పద్ధతి ఖర్చులేనిది. మోచెయ్యి ఇంచుమించు లంబకోణంలో, మణికట్టు ముంజేతితో ఒకే గీతలో ఉండాలి. బల్ల ఎత్తయితే కుర్చీ మీద దిండు వేసుకోండి, కాళ్లు వేలాడితే కింద ఒక పీట పెట్టండి. కీబోర్డు వెనుక ఉండే చిన్న కాళ్లను లేపవద్దు. అవి మణికట్టును పైకి విరిచేలా చేస్తాయి.

ఎండాకాలం భిలాయిలో చెమట, దుమ్ము రెండూ ఎక్కువే. నెలకొకసారి కీబోర్డు తీగ పీకి, తలకిందులుగా తట్టి, మెత్తని బ్రష్షుతో తుడవండి. రబ్బరు పూత ఉన్న మౌసు కొన్నాళ్లకు చెమటకు జిగటగా మారుతుంది. గరుకు ప్లాస్టిక్‌ది తీసుకోండి.

17.9 రెండు వేల రూపాయలతో

ఇప్పుడు మన ఉదాహరణలోని ఇంటికి వద్దాం. మీరు సుపేలా బజారుకో, సివిక్ సెంటరుకో వెళ్లారు. దుకాణదారు రంగురంగుల దీపాలున్న కీబోర్డు, మౌసు జత చూపించి మీ డబ్బంతా దానికే సరిపోతుందంటాడు. దీపాల వల్ల మీటలు చీకట్లో కనిపిస్తాయి. అంతకుమించి వాటివల్ల ఆట మారదు.

నా సలహా ఇది. చప్పుడు తక్కువగా ఉండి, కృత్యం 1లోని రెండవ పరీక్ష నెగ్గిన మెంబ్రేన్ కీబోర్డు, తీగ ఉన్నది. మీ చేతికి సరిపోయే, పక్క బొత్తాలు రెండున్న మౌసు, అదీ తీగ ఉన్నదే. బ్యాటరీ ఖర్చు ఉండదు. రెండూ వాడేది ఇద్దరు కాబట్టి చేతులు ఇద్దరివీ కొలిచి, పెద్ద చేతికి కాకుండా ఎక్కువసేపు వాడే చేతికి తగ్గట్టు మౌసు తీసుకోండి. మిగిలిన దానితో లాన్ తీగ, మైకున్న ఇయర్‌ఫోన్లు. గేమ్‌ప్యాడ్ ఇప్పుడు వద్దు. బిల్లు, వారంటీ కాగితం అడిగి తీసుకోండి. పరీక్ష చేయనివ్వని దుకాణంలో కొనకండి.

కృత్యం 2: మీ ఇంట్లో కంప్యూటరు వాడేవారందరి చేతులు కొలిచి, ఎవరు రోజుకు ఎన్ని గంటలు ఏ పనికి వాడతారో ఒక వారంపాటు నోటుపుస్తకంలో రాయండి. ఆ పట్టికను చూసి ఏ సాధనానికి ఎంత ఖర్చు పెట్టాలో పది వాక్యాలలో రాసి మీ సంపర్క తరగతికి తీసుకురండి.

పాఠ్యగత ప్రశ్నలకు జవాబులు

1. అవసరం లేదు, నడక మౌసుదే కాబట్టి చేతికి సరిపోయే మౌసుకు ఖర్చు పెట్టడం మేలు.

2. 1,366ని 800తో భాగించగా సుమారు 1.7 అంగుళాలు.

3. 1,000ని 500తో భాగించగా 2 మిల్లీసెకన్లకు ఒకసారి.